నోబిడ్ పుస్తకాలు

పొగాకు పండించిన ఇంట్లో పుట్టినవాడికి నోబిడ్ అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. మా నాయన ఆకు కాల్చే బ్యారన్ దగ్గర నిద్ర కాచి, ఆకు గ్రేడు చేయించి, బేళ్లు తొక్కించి, ట్రాక్టరెక్కించి పొదిలి వేలం కేంద్రానికి తోలుకొచ్చేవాడు. బేళ్లు వరసగా పెట్టేవాళ్లు. కొనేవాళ్లు వరస వెంట నడిచేవాళ్లు. ఒకాయన ఆకు చేతిలోకి తీసుకుని నలిపి వాసన చూసేవాడు. ఇంకొకాయన అదీ చేసేవాడు కాదు. ధర ఎవరూ పలికేవాళ్లు కాదు. బేలు మీద నోబిడ్ పడిపోయేది. ఆకు కుళ్లిందని ఒక్కరూ అనరు. రంగు చాల్లేదని అనరు. ఏమయ్యా, కారణమేంటయ్యా అని అడిగేలోపు వాళ్లు నాలుగు బేళ్లు దాటి ఉంటారు. సాయంత్రానికి అదే ట్రాక్టరు, అదే బేలు, మళ్లీ ఊరికి. కిరాయి మాత్రం రెండు పక్కలా మనదే.

మా ప్రాంతంలో పుస్తకాలకు జరుగుతున్నది ఇదే. నిషేధం అనే పెద్ద మాట ఇక్కడ ఎవరూ వాడరు. వాడాల్సిన పని పడలేదు.

పొదిలికి దగ్గర్లోనే ఒక చిన్న ఊరి గ్రంథాలయానికి వెళ్లాను. ఊరి పేరు చెప్పను. చెబితే ఆ మనిషి ఉద్యోగం పోతుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. మూడు పుస్తకాలు అడిగాను. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’, రంగనాయకమ్మ ‘రామాయణ విషవృక్షం’, కంచ ఐలయ్య ‘సామాజిక స్మగ్లర్లు కోమటోళ్లు’. గ్రంథపాలకుడు మర్యాదస్తుడు. ఫ్యాను కింద కూర్చోబెట్టాడు, మంచినీళ్లు ఇచ్చాడు. మొదటిది బీరువాలో ఉండాలి మాస్టారూ, తాళం ఎక్కడుందో చూడాలి అన్నాడు. రెండోదాని పేరు వినగానే గొంతు తగ్గించాడు. మూడోదాని పేరు వినగానే వాకిలి వైపు చూశాడు.

“మనకెందుకొచ్చిన గొడవండీ.”

“ఎవరన్నా వద్దన్నారా?”

“ఎవరూ అన్లా.”

“మరి?”

“అంటారేమోనని.”

ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు నిద్ర సరిగా లేదు. జీవో లేదు, సర్క్యులర్ లేదు, పోలీసు లేడు, తగలబెట్టిన గుంపు లేదు. ఒక ‘అంటారేమో’ చాలింది. మూడు పుస్తకాలూ ఊళ్లో లేనట్టే లెక్క. నాకు కోపం ఆ మనిషి మీద కాదు. జీతం నెలనెలా పడుతుందో లేదో తెలియని మనిషి ఇంకొకరి భావాల భారం తల మీద ఎందుకు వేసుకుంటాడు? ఆ భయాన్ని ఆయన చేతికి తాళంచెవిలా ఇచ్చి, తామెక్కడా కనపడకుండా తప్పుకున్నవాళ్ల మీద నా కోపం.

అసలైన నిషేధం ఎలా ఉంటుందో ఈ నేలకు బాగా తెలుసు. ఉన్నవ లక్ష్మీనారాయణ గుంటూరు మనిషి. డబ్లిన్‌లో బారిస్టరు చదివొచ్చి, పల్నాడులో అడవి పక్క పల్లెల మీద తెల్లదొరలు వేసిన పుల్లరి పన్నును ఎదిరించిన పోరాటంలో నిలబడ్డాడు. గొడ్డు గడ్డి మేసినందుకు పన్నేమిటన్నది ఆ గొడవ. రాయవెల్లూరు జైల్లో కూర్చుని 1922లో ‘మాలపల్లి’ రాశాడు. మాలవాడలో పుట్టిన సంగదాసు కథ తెలుగు నవలకు కేంద్రమవటం అప్పటికి అరుదైన సంగతి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ముందుమాట రాశారు. 1923లో మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. అప్పటికి పొదిలి నెల్లూరు జిల్లాలో ఉండేది. ప్రకాశం జిల్లా పుట్టటానికి ఇంకా నలభై ఏడేళ్లుంది. ఏ జిల్లా అయితేనేం, మద్రాసు ఉత్తర్వు అందరికీ ఒకటే.

తర్వాతేం జరిగిందో చూడండి. నిషేధం ఉంది కాబట్టి దాన్ని పట్టుకుని పోట్లాడారు. శాసనసభలో వాదనలు నడిచాయి. 1928లో కొన్ని మార్పులతో పుస్తకాన్ని వదిలారు. 1936లో ఆంధ్ర విశ్వవిద్యాలయం దాన్ని పిల్లలకు పాఠంగా పెడితే ప్రభుత్వం మళ్లీ ఉలిక్కిపడి మళ్లీ నిషేధించింది. 1937లో రాజాజీ కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చాక ఆ సంకెళ్లు తెగాయి. రెండుసార్లు చంపాలని చూసిన పుస్తకం వందేళ్లు దాటి బతికే ఉంది. ఎందుకు బతికింది? చంపాలని చూసినవాడెవడో అందరికీ కనపడుతున్నాడు కాబట్టి. తెల్లదొరకు పేరుంది, ఉత్తర్వుకు తేదీ ఉంది, తిట్టటానికి ఒక మొహం ఉంది.

ఇప్పుడా నవలను ఎవరూ నిషేధించలేదు. తాళం కనపడట్లేదు, అంతే.

అందుకే నాకు మొరటు నిషేధం మీద ఒక వింత గౌరవం పుట్టుకొస్తోంది. తప్పుగా అనుకోకండి, నిషేధాన్ని వెనకేసుకు రావట్లేదు. కానీ నిషేధానికి ఒక చట్టం ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 95వ సెక్షను. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 98వ సెక్షను. పుస్తకాన్ని జప్తు చెయ్యాలంటే ప్రభుత్వం ప్రకటన జారీ చెయ్యాలి. అందులో కారణాలు రాయాలి. రెండు నెలల్లోపు హైకోర్టుకు వెళ్లొచ్చు, ముగ్గురు న్యాయమూర్తులు కూర్చుని వినాలి. దుర్మార్గమే కావచ్చు, కానీ దానికి రసీదు ఉంది.

ఆ కారణాలు రాయటమనేది ఎంత పెద్ద సంగతో ఒక కేసులో తేలింది. పెరియార్ రామాయణం మీద రాసిన పుస్తకాన్ని హిందీలో ‘సచ్చీ రామాయణ్’ పేరుతో లలయీ సింగ్ యాదవ్ అచ్చు వేశాడు. 1969లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం జప్తు చేసింది. అలహాబాద్ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకెక్కింది. 1976 సెప్టెంబరులో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు. అభ్యంతరకరమైన పేజీలివీ అని పట్టిక ఇస్తే చాలదు, అవి ఎందుకు నేరమో చెప్పాలి, మీ ఉత్తర్వులో అది లేదు కాబట్టి చెల్లదు అన్నారు. తేదీ మరోసారి చూసుకోండి: 1976. దేశమంతా ఎమర్జెన్సీ. పత్రికల నోళ్లు నొక్కేసిన కాలం. మనుషుల్ని కారణం చెప్పకుండా జైల్లో పెడుతున్న కాలం. ఆ కాలంలో కూడా ఒక పుస్తకాన్ని కారణం చెప్పకుండా మూయటానికి వీల్లేదని కోర్టు అంది.

ఎమర్జెన్సీలో పుస్తకానికి దక్కిన ఆ హక్కు ఈనాడు మన మండల కేంద్రంలో దక్కట్లేదు. దక్కదు కూడా. కోర్టుకు పోవాలంటే ఉత్తర్వు కావాలి. ‘అంటారేమో’ మీద ఏ హైకోర్టుకు పోతావు? ప్రతివాది దగ్గర ఎవరి పేరు రాస్తావు?

ఐలయ్య పుస్తకం సంగతి గుర్తుందా? 2017లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఊరూరా ధర్నాలు, దిష్టిబొమ్మలు. పరకాలలో ఆయన కారు మీద దాడి. రచయితను ఉరి తీయాలన్న ప్రజాప్రతినిధి కూడా లేకపోలేదు. ఒక న్యాయవాది నిషేధించమని సుప్రీంకోర్టులో పిటిషను వేశారు. అక్టోబరులో కోర్టు దాన్ని కొట్టేసింది. రాసే హక్కు ఉన్నత స్థానంలో ఉందని చెప్పింది. అంటే దేశంలోకెల్లా పెద్ద కోర్టు ఆ పుస్తకాన్ని చదువుకోమంది. ఇప్పుడు మీ ఊరి గ్రంథాలయంలోకి వెళ్లి అడగండి. ఆ పుస్తకం గురించి నేను విన్న వాదనలో సగంతో ఒప్పుకోను. పొదిలి బజార్లో కొట్టు పెట్టుకున్న నా స్నేహితుడికి ఆ పేరు వింటేనే ఒళ్లు మండుతుంది, మండటానికి ఆయనకు హక్కుంది. ఆయనతో వాదించాలంటే నేను చదవాలి. ఆయన తిట్టాలన్నా ఆయన చదవాలి. మేమిద్దరం చదవకుండా, చదవని మూడో మనిషి చూసుకున్నాడు.

పోలీసులు నేరుగా దిగిన సందర్భాలూ ఉన్నాయి. మావోయిస్టు నాయకుడు, పల్నాటి బిడ్డ అక్కిరాజు హరగోపాల్ మీద వచ్చిన పుస్తకం ప్రతులను 2021 నవంబరులో హైదరాబాద్ ప్రెస్సులోనే పట్టుకుపోయారు. ఆయన రాజకీయాలు మీకు నచ్చనక్కర్లేదు. నాకూ తుపాకీ మీద నమ్మకం లేదు. 2004లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆయన్ని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుని చర్చలు జరిపింది. మాట్లాడటానికి పనికొచ్చిన మనిషి చదవటానికి పనికిరాకుండా పోయాడు. ఇక జమ్మూకాశ్మీరులో 2025 ఆగస్టులో ఒక్క ఉత్తర్వుతో ఇరవై ఐదు పుస్తకాలు జప్తయ్యాయి. అరుంధతీ రాయ్, నూరానీ అందులో ఉన్నారు. ఘోరమే. కానీ ఆ ఇరవై ఐదింటికీ జాబితా ఉంది. మన బీరువాల్లో లేని పుస్తకాల జాబితా ఎవరి దగ్గరుంది?

మనం ఇలా పుట్టలేదు, అందుకే ఇంత మంట. 1908లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో రాసిన రాతకు రాజద్రోహం కింద జైలుకు పోయాడు. అదీ రాయవెల్లూరు జైలే. రాతకు సంకెళ్లు తగిలించుకున్న ఆ మనిషే తర్వాత దశాబ్దాల పాటు ఆంధ్రదేశ గ్రంథాలయ ఉద్యమానికి పెద్ద దిక్కయ్యాడు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో గ్రంథాలయాల మహాసభ జరిగింది. పెద్ద ఉద్యమం మన దగ్గర లేచింది. పాతూరి నాగభూషణం 1935లో గుంటూరు జిల్లా కాలవల మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పాడు. రేవులో పడవ ఆగితే చాకిరేవు దగ్గర మనిషి కూడా పుస్తకం పట్టుకునేవాడు. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో పుట్టింది, 1929లో గాంధీ వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశాడు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడే ఉంది. అవన్నీ ప్రభుత్వం ఇచ్చిన గ్రంథాలయాలు కావు. ప్రభుత్వానికి ఎదురు నిలబడి, చదువురాని వాళ్లకు పేపరు చదివి వినిపించిన గ్రంథాలయాలు. పోలీసు గమనిస్తున్నాడని తెలిసీ తలుపు తీసి పెట్టారు. మనం పోలీసు రాకముందే తలుపేసుకున్నాం.

ఇంతకీ ఈ తలుపు ఎవరి సొమ్ముతో నడుస్తోంది? ఇంటి పన్ను రసీదు ఉంటే బయటికి తియ్యండి. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను. వెయ్యి రూపాయల పన్ను కడితే ఎనభై రూపాయలు పుస్తకాలకని కట్టినట్టు. పంచాయతీ, మున్సిపాలిటీ ఆ ఎనభై రూపాయలు మన దగ్గర వసూలు చేస్తాయి. జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యాల్సి వచ్చేసరికి బకాయి పెడతాయి. ఏ ఊరి పన్ను ఆ ఊరి పుస్తకాల దాకా నడిచి రావటం గగనం. గొడ్డు మేసిన గడ్డికి పన్ను వేస్తేనే తిరగబడ్డాడు పల్నాటి రైతు. మేం మేయని గడ్డికి పన్ను కడుతున్నాం, రసీదు మడిచి బీరువాలో పెట్టుకుంటున్నాం.

డబ్బు లేకపోతే కొత్త పుస్తకం రాదు. ఏ పుస్తకం కొనాలో తేలేది కూడా శాఖా గ్రంథాలయంలో కాదు, ఎక్కడో పై కమిటీలో. అక్కడ కూడా ఇదే నడక: ఆకు పట్టుకుని వాసన చూసేవాడు కొంతమంది, చూడకుండానే దాటిపోయేవాడు కొంతమంది. వరసలో నిలబడ్డ పుస్తకాల్లో ఏది ఎందుకు వెనక్కిపోయిందో ఏ పుటలోనూ రాయరు. చివరికి మా గ్రంథాలయాలు గ్రూప్స్, డీఎస్సీ పరీక్షల చదువు గదులయ్యాయి. ఆ పిల్లల్ని ఒక్క మాట అనను. పొదిలి నుంచి, కనిగిరి నుంచి, దర్శి నుంచి బతుకుతెరువు కోసం ఊళ్లకు ఊళ్లు వలసపోయిన నేల మాది. నీళ్లలో ఫ్లోరైడు, బోర్లలో గాలి. ఉద్యోగం కోసం చదివే పిల్లకు ఆ కుర్చీ కావాలి, ఆ ఫ్యాను కావాలి. కానీ కాంపిటీషన్ మ్యాగజైన్ పక్కన ఒక చలం ఉంటే ఆ పిల్ల పరీక్ష తప్పదు. చలాన్ని సర్కారు ఎప్పుడూ ముట్టుకోనక్కర్లేకపోయింది. మన ఇళ్ల వాకిళ్లు ఆ పని చూసుకున్నాయి. ఆడపిల్ల చేతిలో ఆయన పుస్తకం కనపడితే లాక్కున్న చేతులు దొరలవి కావు.

ఇక్కడ ఒక పెద్దమనిషి లేచి అంటాడు: ప్రతి పుస్తకమూ కొనటం కుదురుతుందా మాస్టారూ, ఎంచుకోవాలి కదా, ఎంచుకోవటం నిషేధమెట్లా అవుతుంది? సరైన ప్రశ్న. నేనూ బడి లైబ్రరీకి పుస్తకాలు ఎంచినవాణ్ణే. వంద కొనే డబ్బుంటే తొమ్మిది వందలు వదిలెయ్యాల్సిందే. తేడా ఎక్కడంటే, వదిలేసినప్పుడు నా మనసులో ఏముందన్న దాంట్లో. ఇది పిల్లలకు అర్థం కాదనో, ఇంతకన్నా మంచిది ఉందనో వదిలేస్తే ఆ మాట ఎవరడిగినా మొహమ్మీదే చెప్పగలను. ఎవరో అంటారేమోనని వదిలేస్తే ఎవరికీ చెప్పలేను. చెప్పుకోలేని కారణంతో చేసిన ఎంపిక ఎంపిక కాదు. అందుకే కారణం రాసివ్వమనేది.

విశ్వనాథ సత్యనారాయణ ‘రామాయణ కల్పవృక్షం’ నాకు ప్రాణం. ఆ పద్యాల కోసం నేను తెల్లవారుజామున లేచిన రోజులున్నాయి. రంగనాయకమ్మ ‘రామాయణ విషవృక్షం’ 1974 నుంచి నన్ను కోపంతో ఊగిస్తూనే ఉంది. ఇద్దరూ ఒకే కథను పట్టుకుని చెరోవైపు లాగారు. అక్షర క్రమంలో పేరిస్తే ఆ రెండు పుస్తకాలూ దాదాపు పక్కపక్కనే నిలబడాలి. ‘క’ తర్వాత ‘వ’. మా ప్రాంతంలో ఎన్ని బీరువాల్లో ఆ రెండూ ఒకే వరసలో ఉన్నాయో చూడండి. మొదటిది ఒక్కటే ఉన్న చోట, నేను ప్రేమించే విశ్వనాథకు కూడా అది అవమానమే. ఎదురువాదనకు జడిసి దాక్కునే కవి కాడాయన.

మన పిల్లలు వెళ్లి స్థిరపడ్డ టెక్సాస్‌లో లానో అనే చిన్న కౌంటీ ఉంది. అక్కడి గ్రంథాలయం నుంచి పదిహేడు పుస్తకాలు తీసేశారు. పాఠకులు కోర్టుకెక్కారు. పుస్తకాలు తిరిగి పెట్టమని జడ్జి అంటే, పెట్టటం కంటే గ్రంథాలయాలే మూసేద్దామా అని 2023 ఏప్రిల్‌లో కౌంటీ పెద్దలు సమావేశం పెట్టుకున్నారు. ఊరి జనం వచ్చి నిలబడితే మూయకుండా వదిలారు. చివరికి 2025 మేలో అప్పీలు కోర్టు పాఠకుల వాదన తోసిపుచ్చింది: గ్రంథాలయంలో ఏ పుస్తకం ఉండాలన్నది పాఠకుడు ప్రశ్నించటానికి లేదని చెప్పింది. పాఠకులు ఓడిపోయారు. ఓడిపోవటానికైనా వాళ్లు పోట్లాడారు, పదిహేడు పేర్లు ప్రపంచమంతా తెలిశాయి. మనం పోట్లాడలేదు కాబట్టి ఓడలేదు.

ఇదీ నన్ను కాల్చే సంగతి. పొదిలి వేలం కేంద్రంలో నోబిడ్లు మితిమీరితే రైతు ఏం చేస్తాడో తెలుసు కదా. వేలం ఆపేస్తాడు. బేళ్ల మధ్య బైఠాయిస్తాడు. రోడ్డెక్కుతాడు. అధికారి వచ్చి, కొనేవాళ్లను పిలిచి, ఎందుకు కొనట్లేదో చెప్పించేదాకా లేవడు. నోబిడ్ పడ్డ బేలుకు కూడా నంబరుంది, లెక్కుంది, ఇంకోరోజు మళ్లీ వరసలో పెట్టే హక్కుంది. పత్తి తేమ శాతం ఎక్కువుందని కొనకపోతే కాటా దగ్గరే గొడవ పడతాడు. గుంటూరు మిర్చియార్డులో రేటు పడితే తెల్లవారేసరికి గేటు మూసేస్తాడు. అదే రైతు కొడుకు, ఎమ్మే చదివినవాడు, గ్రంథాలయంలో పుస్తకం లేదంటే తల గోక్కుని ఫోన్ తీసి రీల్స్ చూసుకుంటూ బయటికొస్తాడు. పొగాకుకున్న పాటి పౌరుషం మన అక్షరానికి లేదు. రచయితల సంఘాలకూ లేదు. మన సభల్లో శాలువాలు కప్పుకోవటం పూర్తయ్యేసరికి భోజనాల వేళవుతుంది. సొంత పుస్తకం గ్రంథాలయాలకు అమ్ముడుపోతే చాలు, పక్కవాడి పుస్తకం ఎందుకు పోలేదని ఏ రచయితా అడగ్గా నేను వినలేదు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ప్రతి గ్రంథాలయంలో కొన్న పుస్తకాల జాబితా గోడకు అంటించాలి. పాఠకుడు అడిగిన పుస్తకం పేరు సూచనల పుస్తకంలో రాయాలి. తెప్పించలేకపోతే ఎందుకో ఒక్క ముక్క రాయాలి. డబ్బు లేదని రాసినా సరే, ఎనభై రూపాయల లెక్క అక్కణ్ణుంచి అడుగుతాం. భయమేసిందని రాసినా సరే, ఆ భయం ఎవరి వల్లో అడుగుతాం. సమాచార హక్కు చట్టం వచ్చి రెండు దశాబ్దాలు దాటింది; దానికింద అడిగినా చెప్పి తీరాల్సిన సంగతే ఇది. ముందు నోటితో అడుగుదాం.

పోయిన నెలలో అదే గ్రంథాలయానికి మళ్లీ వెళ్లాను. సూచనల పుస్తకం ఉందా అంటే ఆయన పాత వారపత్రికల కట్ట కింద నుంచి లాగాడు. అట్ట మీద దుమ్ము చేత్తో తుడిచాడు. లోపల చివరి పాఠకుడు ఎన్నేళ్ల కిందటో సిరాతో ఏదో రాసి పోయాడు. సిరా వెలిసిపోయి పేరు చదవటానికి రాలేదు. దాని కింద మూడు పుస్తకాల పేర్లు రాశాను. తేదీ వేశాను, సంతకం పెట్టాను. పక్కన ఖాళీలో పెన్నుతో అడ్డదిడ్డంగా ఒక గడి గీసి, పైన ‘కొనకపోతే కారణం’ అని రాశాను.

“ఈ గడి ఇందాక లేదే మాస్టారూ?”

“ఇప్పుడే గీశా.”

ఆయన గడి వైపు చూశాడు, నా వైపు చూశాడు. వాకిలి వైపు కూడా చూశాడు. తర్వాత సొరుగు లాగి స్కేలు తీసి, వంకర పోయిన గీతను పేజీ అడుగు దాకా తిన్నగా గీశాడు.